కట్టడం, కాచుకోవడం: గోదావరి డెల్టాలో నాలుగు కట్టడాలు

గోదావరి జిల్లాలకి వచ్చిన చుట్టాలు రెండో రోజుకల్లా ఒక ప్రశ్న అడుగుతారు: "మీ దగ్గర చూడ్డానికి పాత కట్టడాలేమీ లేవా?" అడగడంలో తప్పు లేదు. మనకి గోల్కొండ లేదు, ఓరుగల్లు లేదు, హంపి అంతకన్నా లేదు. రాజమహేంద్రవరం తూర్పు చాళుక్యుల రాజధాని అని బడిలో చదువుకున్నాం గానీ, ఆ చాళుక్యుల రాజభవనం ఇదిగో అని వేలెత్తి చూపించడానికి ఊళ్లో ఏమీ మిగల్లేదు. అందుకని వాళ్లని కారెక్కించి ద్రాక్షారామం తీసుకెళ్తాం. వచ్చేటప్పుడు తాపేశ్వరంలో ఆగి కాజాలు కొనిపెడతాం. వీలుంటే పాపికొండల లాంచీ ఎక్కిస్తాం.

ఈ తిరుగుడంతా చాలావరకు కాలువ గట్ల మీదే జరుగుతుంది. లాకుల పక్కనుంచి, బ్యారేజీ మీదుగా, రైలు వంతెన కనుచూపులోంచి వెళ్తాం. ఒక్కచోట కూడా కారాపి "ఇదిగో, మా పాత కట్టడం" అని చెప్పం. వాటిని కట్టడాలుగా మనమే లెక్కెయ్యం కాబట్టి. కాలువంటే నీళ్లు, వంతెనంటే దారి, లాకులంటే సినిమా షూటింగులు. అంతవరకే.

నా లెక్క వేరు. ఈ డెల్టాలో చూడదగ్గ చరిత్ర ఎక్కువభాగం నీళ్లలోనే, నీళ్ల మీదే ఉంది. దాన్ని కట్టినవాళ్ల గురించి మనం కొంత చెప్పుకుంటున్నాం. కాచినవాళ్ల గురించి మాత్రం దాదాపు ఏమీ చెప్పుకోవడం లేదు. రెండోది చెప్పుకోకపోతే మొదటిది కూడా ఎక్కువకాలం నిలబడదని నా అనుమానం.

మొదట ధవళేశ్వరం. ఆనకట్ట కట్టకముందు ఈ జిల్లా ఎలా ఉండేదో ఇవాళ పచ్చటి చేలు చూస్తూ ఊహించడం కష్టం. 1832-33లో నందన కరువు వచ్చింది. 1839లో ఉప్పెన కోరంగిని ముంచేసింది. నది నిండా నీళ్లు పోతూనే ఉన్నాయి, అవి సముద్రంలోకి పోతున్నాయి. జనం చచ్చిపోతున్నారన్నదానికన్నా, శిస్తు పడిపోతోందన్నది కంపెనీవారిని ఎక్కువ కదిలించింది. సర్ హెన్రీ మాంట్‌గొమరీ జిల్లా పరిస్థితిని పరిశీలించి 1844లో నివేదిక ఇచ్చాడు. ఆ తర్వాతే ఆర్థర్ కాటన్ గోదావరి మీద ఆనకట్ట ప్రతిపాదన తయారుచేశాడు. 1847లో పని మొదలై, 1852కి పూర్తయింది.

గోదావరి ధవళేశ్వరం దగ్గర లంకల మధ్య పాయలుగా విడిపోతుంది. అందుకని ఆనకట్ట ఒకే గోడగా కాకుండా నాలుగు ముక్కలుగా వచ్చింది: ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం. నాలుగూ కలిపితే సుమారు 12,000 అడుగులు, అంటే మూడున్నర కిలోమీటర్ల పైమాట. ఎత్తు మాత్రం 12 అడుగులే. ఇక్కడ అసలు విశేషం కింద ఏముందన్నది. కింద రాయి తగలదు, ఇసకే. ఇసక మీద అంత నది బరువుని ఆపే గోడ ఎలా నిలుస్తుంది?

దానికి జవాబు కాటన్ ఇంగ్లండు నుంచి తెచ్చుకోలేదు. అంతకుముందు ఆయన తంజావూరు ప్రాంతంలో కావేరి, కొళ్లిడం నదుల మీద పనిచేశాడు. చోళుల కాలం నాటి కల్లణైని దగ్గరుండి చూశాడు. లోతు తెలియని ఇసకలో పునాది ఎలా నిలబెట్టాలో ఆ పాత కట్టడం చూసే నేర్చుకున్నామని తర్వాత తనే ఒప్పుకున్నాడు కూడా. రాళ్లు పోస్తే అవి తడి ఇసకలోకి దిగుతాయి. దిగినకొద్దీ మళ్లీ పోస్తూ ఉండాలి. కొన్నాళ్లకి దిగడం ఆగిపోతుంది. ధవళేశ్వరంలో గోడ కింద ఇసకలోకి బావులు దింపారు, గోడకి దిగువన నీళ్లు దూకే చోట వెడల్పుగా రాళ్లు పరిచారు. ఇసకలో బావి దింపడం మన ఊళ్లలో తరతరాలుగా తెలిసిన పని. ఒర కట్టడం, లోపలి ఇసక తోడడం, ఒర తన బరువుకి తనే కిందకి దిగడం. మంచినీళ్ల కోసం చేసే పనినే నదిని ఆపడానికి వాడుకున్నారు. రాయి పక్కనే ఉన్న ధవళేశ్వరం కొండలోంచి కొట్టారు. ఆ పనిలో కాటన్ పక్కనుండి కూలీలని కూడగట్టి, లెక్కలు చూసి, పని నడిపించినవాడు వీణెం వీరన్న. ఆయన పేరు ఈ జిల్లాల్లో కొందరికైనా గుర్తుంది. ఆ బావులు దింపిన వేలమంది పేర్లు ఎక్కడా లేవు.

కాటన్‌కి ఊరూరా విగ్రహాలున్నాయి, గుర్రం మీద కొన్ని, నిలబడి కొన్ని. పుష్కరాల్లో ఆయనకి పిండం పెట్టేవాళ్లు కూడా ఉన్నారు. ఆ కృతజ్ఞతని నేను చిన్నచూపు చూడను. అన్నం పెట్టినవాణ్ణి తలుచుకోవడం మన పద్ధతి. అయితే విగ్రహం దగ్గరే ఆగిపోతే ఒక సంగతి కనపడదు. ఆనకట్ట కట్టిన రోజుతో పని పూర్తయిపోలేదు. ఇసక మీద పరిచిన రాళ్లు ప్రతి వరదకీ కొంత జారతాయి. నీళ్లు తగ్గాక ఆ జారిన చోట మళ్లీ రాళ్లు వెయ్యాలి. గోడకి పగుళ్లు చూసుకోవాలి, షట్టర్లు చూసుకోవాలి. అలా నూరేళ్లకి పైగా చూసుకున్నారు. అది బలహీనపడ్డాక 1970లో కొత్త బ్యారేజీ పని మొదలైంది, 1982కి పూర్తయింది. ఇవాళ మనం దాటుతున్నది ఆ 175 గేట్ల బ్యారేజీ. పేరు మాత్రం కాటన్‌దే.

రాజమండ్రి పుష్కరఘాట్ మెట్ల మీద సాయంత్రం కూర్చున్నవాళ్లు చూసే ఆ నిండు గోదావరిలో కూడా ఈ కట్టడం వాటా ఉంది. ధవళేశ్వరంలో నిలబెట్టిన నీళ్లే వెనక్కి ఎదురెక్కి ఊరి ముందు పరుచుకుంటాయి. మనం ప్రకృతి దృశ్యం అనుకుంటున్నదాన్లో సగం ఒక గోడ చేసిన పని. వానాకాలంలో సంగతి మరోలా ఉంటుంది. జులై, ఆగస్టుల్లో ఇక్కడ ఫోన్ చేసిన ప్రతివాళ్లూ అడిగే మొదటి మాట "ఎన్ని అడుగులుంది?" ధవళేశ్వరంలో 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. లంకల్లో ఉన్నవాళ్లకి ఈ దశాంశాలు నోటికొచ్చు. నూటయాభై ఏళ్లు దాటిన ఒక కట్టడం జాగా ఇప్పటికీ జనం రోజువారీ మాటల్లో అంకెలుగా తిరుగుతోందంటే, అంతకన్నా బతికున్న చరిత్ర ఎక్కడుంటుంది?

రెండోది కాలువలు, వాటి లాకులు. "నీరు పల్లమెరుగు" అంటాం గానీ, డెల్టాలో ప్రధాన కాలువలు పల్లంలో నడవవు. నది ఏళ్ల తరబడి తెచ్చి పోసిన ఒండ్రు వల్ల ఏటి ఒడ్లే ఎత్తుగా ఉంటాయి, పాయల నడిమి నేల పల్లంగా ఉంటుంది. అందుకని కాలువని మెరక మీద నడిపి, అక్కణ్ణుంచి బోదెల్లోకి, చేలల్లోకి వదులుతారు. వాడిన నీళ్లు పల్లంలో మురుగు కాలువ పట్టుకుని సముద్రంవైపు పోతాయి. మన ఊళ్లలో రోడ్డు కాలువ గట్టు మీదే ఎందుకుంటుందంటే ఇదే కారణం. ఊరంతటికీ ఎత్తయిన, ముంపు తగలని జాగా గట్టే. కాబట్టి రోడ్డూ, బస్టాపూ, టీ కొట్టూ, పాలకేంద్రం, గుడీ అన్నీ దాని మీదకే ఎక్కాయి.

కాటన్ ఈ కాలువల్ని సాగుకోసం ఎంత ఆలోచించాడో పడవల కోసం కూడా అంత ఆలోచించాడు. కాలువలో నీటిమట్టం మెట్లు మెట్లుగా దిగుతుంది. పడవ ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకి దిగాలంటే లాకు కావాలి. రెండు జతల తలుపులు, మధ్యన ఒక తొట్టి. పడవ తొట్టిలోకి రాగానే వెనక తలుపులు మూస్తారు, లోపలి నీళ్లు మెల్లగా కిందకి వదులుతారు, దిగువ మట్టానికి రాగానే ముందు తలుపులు తెరుస్తారు. ఆ తలుపులు ఎదురుగా వచ్చే నీటివైపు మొనదేలేలా, నమస్కారం పెట్టిన చేతుల్లా మూసుకుంటాయి. నీళ్లు ఎంత గట్టిగా నెడితే అంత గట్టిగా బిగుసుకుంటాయి. మోటారు లేదు, కరెంటు లేదు. తీరిగ్గా చూస్తే ఇంత తెలివైన తలుపు మన కోటల్లో కూడా కనపడదు.

ఇలా లాకులు దాటుకుంటూ కాకినాడ నుంచి ధవళేశ్వరం, గోదావరి దాటి ఏలూరు కాలువ, బెజవాడ దగ్గర కృష్ణ, ఆపైన కొమ్మమూరు కాలువ, బకింగ్‌హాం కాలువ పట్టుకుని మద్రాసు దాకా పడవ వెళ్లేది. ధాన్యం, కొబ్బరికాయలు, పెళ్లివారు అందరూ ఆ దారినే. ఇప్పుడు పడవలు లేవు. లొల్ల లాకులు, చొప్పెల్ల లాకులు అని ఊరి గుర్తులుగా పేర్లు మిగిలాయి. లాకు వాడకం పోయాక తలుపు తుప్పు పడుతుంది, తొట్టిలో గుర్రపుడెక్క పెరుగుతుంది. పక్కనే ఉన్న షట్టర్లు మాత్రం ఇంకా పనిచేస్తాయి, లస్కర్లు వాటిని ఎత్తుతారు, దించుతారు. ఒకే కట్టడంలో సగం బతికుంది, సగం పోయింది. ఏది బతికిందంటే, ఎవరో ఒకరు రోజూ వచ్చి చెయ్యి వేసేది.

ఏటా ఎండాకాలంలో "కాలువలు కట్టేస్తున్నారు" అనే మాట వినబడుతుంది. దాళ్వా కోతలయ్యాక నీళ్లు ఆపేస్తారు. అంతకుముందే ఊరి మంచినీళ్ల చెరువు నింపేసుకోవాలి. కాలువ అడుగు బయటపడుతుంది, పిల్లలు దాన్లో క్రికెట్ ఆడతారు, పెద్దవాళ్లు ఎప్పుడో పడిపోయిన బిందె దొరుకుతుందేమో అని చూస్తారు. అధికారుల లెక్కలో అది మరమ్మతుల కాలం. పూడిక తియ్యడం, గట్లు పొయ్యడం, తూములు బాగుచెయ్యడం అప్పుడే జరగాలి. అవి సరిగ్గా జరగని ఏడు దెబ్బ తినేది తలాపున ఉన్నవాళ్లు కాదు, శివారు రైతులు. నీళ్లు వాళ్ల దాకా రావు.

మూడో కట్టడం కోనసీమలో ఉంది, పి. గన్నవరం దగ్గర. ఇక్కడ కాలువ నదిని దాటుతుంది. వైనతేయ పాయకి అవతల ఉన్న నగరం లంకకి సాగునీళ్లు ఇవ్వాలంటే నీళ్లని నీళ్ల మీదుగా నడిపించాలి. 1850ల తొలినాళ్లలో హేగ్ అనే యువ ఇంజనీరు 49 కమానులతో, ఒక్కో కమాను 40 అడుగుల వెడల్పుతో అక్విడక్టు కట్టాడు. కింద నది, పైన కాలువ, కాలువలో పడవ. రోమన్లు ఫ్రాన్సులో కట్టిన పాంట్ దు గార్ ఫొటోలు మనం ముచ్చటగా చూస్తాం, అది నీళ్లు మోసి ఎన్ని వందల ఏళ్లయిందో! గన్నవరం కమానులు మాత్రం మన తాతల కాలం దాటి వరి పండించాయి.

దాని వయసు మీదపడ్డాక పక్కన కొత్త అక్విడక్టు కట్టారు. 2000లో అది వాడకంలోకి వచ్చింది. దానికి డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. సీతమ్మగారు 1841లో మండపేటలో పుట్టి, లంకల గన్నవరం కోడలై, ఏ వేళ తలుపు తట్టినా అన్నం పెట్టి, 1909లో పోయారు. ఆవిడ ఇల్లు గోదావరి పాయలు దాటి వచ్చే బాటసారుల దారిలో ఉండేది. ఏడో ఎడ్వర్డు పట్టాభిషేక ఉత్సవానికి పిలుపు వస్తే వెళ్లలేదని, ఆవిడ ఫొటో తీయించుకుపోయారని చెప్పుకుంటారు. ఈ డెల్టాలో కట్టడాలకి పెట్టిన పేర్లన్నిట్లోనూ నాకు బాగా నచ్చేది ఇదే. ఆవిడ ఏమీ కట్టలేదు. రోజూ పొయ్యి వెలిగించింది, అంతే. కాలువ చేసేది కూడా అదే పని కదా, రోజూ అందరికీ అన్నం పెట్టడం.

నాలుగోది రాజమండ్రి వంతెన. కాటన్‌కి రైళ్ల మీద పెద్ద నమ్మకం లేదు. ఈ దేశానికి నీటిదారులు చాలు, సరుకు రవాణాకి రైలుకన్నా కాలువ చవక, పైగా అదే కాలువ పొలం కూడా తడుపుతుంది అని జీవితమంతా వాదించాడు. 1878లో బ్రిటిష్ పార్లమెంటు కమిటీ ముందు కూడా అదే చెప్పాడు. ఆ వాదన నెగ్గలేదు. 1890ల్లో కటకం నుంచి బెజవాడ దాకా రైలు మార్గం ముక్కలు ముక్కలుగా తెరుచుకుంటూ వచ్చింది, గోదావరి దగ్గర మాత్రం తెగిపోయింది. రాజమండ్రిలో రైలు దిగి, నది దాటి, కొవ్వూరులో మళ్లీ రైలెక్కాలి. 1897లో వంతెన పని మొదలైంది. 1899 జులైలో ఇంగ్లండులో కాటన్ చనిపోయాడు. ఆ మరుసటేడు, 1900లో, ఆయన ఆనకట్టకి కొద్ది కిలోమీటర్ల ఎగువన, ఆ ఆనకట్ట నిలబెట్టిన నీళ్ల మీదుగా రైలు దాటింది. కాలువ పడవల రోజులు తరగడం అప్పటినుంచే మొదలైంది. ఇందులో ఎవరి తప్పూ లేదు గానీ, ఒకే నది మీద ఒక ఆలోచనని ఇంకో ఆలోచన దాటిపోవడం కళ్లకి కట్టినట్టు కనపడే చోటు ఇంకెక్కడుందో నాకు తెలీదు.

ఆ వంతెనకి 56 ఖానాలు, ఒక్కోటీ నూటయాభై అడుగులు. రాతి స్తంభాలు, ఉక్కు గర్డర్లు. స్తంభాల కింద మళ్లీ ఇసకలోకి దింపిన బావులే, ఆనకట్ట బావులకన్నా చాలా లోతువి. కట్టించిన ఇంజనీరు గ్రాన్విల్ వాల్టన్, అంతకుముందు కాశీలో గంగ మీద డఫ్రిన్ వంతెన కట్టినవాడు. పేరు మాత్రం అప్పటి మద్రాసు గవర్నరు హేవలాక్‌ది. డఫ్రిన్ వంతెన కూడా ఒక వైస్రాయి పేరే. రెండు పెద్ద నదుల్ని దాటించినా వాల్టన్ పేరు ఒక్క దాని మీదా నిలవలేదు.

తర్వాత 1974లో పైన రోడ్డు, కింద రైలుతో రెండో వంతెన వచ్చింది. అప్పటిదాకా రాజమండ్రి నుంచి కొవ్వూరుకి బస్సులో వెళ్లే దారే ఇక్కడ లేదు, రైలో పడవో ఎక్కాల్సిందే. 1997లో కాంక్రీటు ఆర్చి వంతెన వచ్చింది. దానికి 28 ఖానాలు, ఒక్కోటీ 97.55 మీటర్లు. పాతదానికి సరిగ్గా సగం ఖానాలతో అదే నదిని దాటేశారు. నూరేళ్లలో మనిషి ఇంకాస్త పెద్ద అంగలు వేశాడన్నమాట. జనం వీటికి పెట్టుకున్న పేర్లు చూడండి: పాత బ్రిడ్జి, రోడ్డు బ్రిడ్జి, ఆర్చి బ్రిడ్జి. గవర్నర్లూ లేరు, ఇంజనీర్లూ లేరు. వయసు, పని, ఆకారం.

హైదరాబాదు నుంచి వచ్చే రైలు తెల్లవారుజామున కొవ్వూరు దాటగానే చక్రాల చప్పుడు మారుతుంది. పై బెర్తుల్లోంచి తలలు దిగుతాయి. దణ్ణాలు, చిల్లర నాణేలు, "గోదారి వచ్చేసిందే" అని పిల్లల్ని లేపడం. 1900 నుంచి దాదాపు నూరేళ్లు ఇదంతా పాత బ్రిడ్జి మీద జరిగింది. 1997లో దాని మీద రైళ్లు ఆపేశారు. అప్పటినుంచి అది నది మధ్యలో ఏ పనీ లేకుండా నిలబడి ఉంది. దాన్ని పర్యాటక వంతెనగా మార్చాలన్న ప్రతిపాదనలు చాలాసార్లు వచ్చాయి. 2025లో అఖండ గోదావరి ప్రాజెక్టుకి శంకుస్థాపన చేశారు, అందులో ఈ వంతెన కూడా ఉంది. సంతోషమే. కానీ ఏ రకంగా మారుస్తారన్నదే అసలు ప్రశ్న.

1958 నాటి పురాతన కట్టడాల చట్టం ప్రకారం నూరేళ్లు నిండిన నిర్మాణం రక్షిత కట్టడం కావడానికి అర్హమే. పాత బ్రిడ్జికి 2000లోనే నూరేళ్లు నిండాయి. గన్నవరం కమానులకి, తొలినాటి లాకులకి ఎప్పుడో నిండాయి. అయితే అర్హత ఉండటం వేరు, ఎవరో పట్టించుకుని ప్రకటించడం వేరు. ప్రకటించినా అది సగం మాటే. బిక్కవోలులో వరిచేల మధ్య తూర్పు చాళుక్యుల కాలం నాటి గుళ్లున్నాయి. రక్షిత కట్టడం అనే బోర్డుంది, కంచె ఉంది. దారిన పోయేవాళ్లు మాత్రం ఎక్కువమంది ఆగరు. ద్రాక్షారామంలో ఎప్పుడూ జనమే. రెండంతస్తుల గర్భగుడిలో మెట్లెక్కి పైకెళ్లి భీమేశ్వరుణ్ణి చూసి వస్తారు. జనం తిరిగే చోట కట్టడం అరుగుతుంది, నిజమే. కానీ ఏ రాయైనా కదిలితే ఆ రోజే నలుగురు గమనిస్తారు. ఖాళీగా ఉన్న చోట పదేళ్లకి గానీ తెలియదు.

అందుకని పాత బ్రిడ్జి విషయంలో నాకున్న కోరిక చిన్నది. దాని మీద బొమ్మలు, రంగుల దీపాలు, ఫుడ్ కోర్టులు ఎన్నైనా పెట్టుకోండి. ఒక పక్కన మాత్రం రాజమండ్రి నుంచి కొవ్వూరు దాకా నడిచేవాళ్లకీ, సైకిల్ మీద పోయేవాళ్లకీ తెరిచిన దారి ఉండాలి. టిక్కెట్టు కొని వెనక్కి తిరిగొచ్చేసేది వంతెన కాదు, బాల్కనీ. అవతల ఒడ్డుకి తీసుకెళ్తేనే అది వంతెన. కొవ్వూరులో చదువుకునే పిల్లా, రాజమండ్రి కొట్లో పనిచేసే మనిషీ రోజూ దాన్ని దాటితే, ఏ పలక వదులైందో, ఏ కమ్మీ తుప్పు పట్టిందో అడిగేవాళ్లు ఉంటారు.

ఇంకో కోరిక శిలాఫలకం గురించి. ద్రాక్షారామం శాసనాల్లో మళ్లీ మళ్లీ కనపడే దానం ఒకటుంది. దేవుడి ముందు దీపం ఎప్పటికీ ఆరకుండా వెలగాలని, నెయ్యి కోసం గొర్రెల మందనో ఆవుల్నో ఇచ్చి, ఆ సంగతి రాతి మీద చెక్కించేవారు. ఎన్ని గొర్రెలు, ఎవరికి అప్పగించారు, వాళ్లు రోజుకి ఎంత నెయ్యి పొయ్యాలి. చదవడానికి పద్దుల పుస్తకంలా ఉంటుంది. కానీ ఎనిమిది, తొమ్మిది వందల ఏళ్ల కిందటి మనుషులు దీపం పెట్టడంతో పాటు దాన్ని ఆరకుండా చూసే ఏర్పాటు గురించి కూడా ఆలోచించారనడానికి అదే సాక్ష్యం. మన శిలాఫలకాల మీద ఎవరు శంకుస్థాపన చేశారో, ఎవరు అధ్యక్షత వహించారో ఉంటుంది. పాత బ్రిడ్జి తెరిచే రోజున పెట్టబోయే రాయి మీద ఆ పేర్ల కింద ఇంకో రెండు వరుసలు చెక్కించమని అడుగుదాం: ఏటా రంగు వెయ్యాల్సింది ఎవరు, దానికి డబ్బు ఎక్కడినుంచి వస్తుంది.